సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి? ముందు పన్నెండు నెలల కరెంటు బిల్లులు బయటికి తీయండి

మా నల్లగొండలో ఇప్పుడు ఏ వీధికి పోయినా రెండు మూడు డాబాల మీద సోలార్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. మేం కూడా పెట్టించాం. అప్పటి నుంచి చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా అదే ప్రశ్న, "అన్నా, మూడు పెట్టించాల్నా, ఐదు పెట్టించాల్నా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా నేను వేసుకున్న లెక్క మొత్తం ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

మా ఇంటికి మొదట వచ్చిన డీలర్ కుర్రాడు టేపు పట్టి డాబా కొలిచి, "జాగా మంచిగుంది సార్, 5 కిలోవాట్లు వేసేద్దాం, బిల్లు జీరో అయిపోతది" అన్నాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది, కరెంటు బిల్లు చూపించమని ఒక్కసారి కూడా అడగలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. డాబా ఎంత పెద్దదైతే ఏం, మనం వాడే యూనిట్లు ఎన్నో తెలియకుండా సైజు ఎట్లా చెప్తారు? అందుకని మొదటి పని, పన్నెండు నెలల బిల్లులు తీయండి. కాగితాలు పారేస్తే, బిల్లు మీదుండే యూనిక్ సర్వీస్ నంబర్‌తో డిస్కం (కరెంటు సరఫరా చేసే కంపెనీ) వెబ్‌సైట్లో పాత బిల్లులు చూసుకోవచ్చు. ఒక్క మే నెల బిల్లు చూసి సైజు నిర్ణయిస్తే మోసపోతారు, ఒక్క డిసెంబర్ బిల్లు చూసి నిర్ణయించినా అంతే.

మా ఇంట్లో నలుగురం ఉంటాం, ఒక ఏసీ, ఫ్రిజ్, బోరు మోటారు ఉన్నాయి. జనవరి నుంచి వరసగా యూనిట్లు ఇవి: 170, 200, 300, 410, 460, 360, 280, 270, 260, 260, 190, 170. మొత్తం ఏడాదికి 3,330. ఇప్పుడు దీని పక్కన కరెంటు రేట్లు పెట్టి చూడాలి, అసలు సంగతంతా ఇక్కడే ఉంది. నెలలో 200 యూనిట్లు దాటితే మొదటి 200కు యూనిట్‌కు 5.10 రూపాయలు, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9, 401 నుంచి 800 దాకా 9.50, ఆపైన 10. 200 లోపే ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. ఇక నెలంతా కలిపి 100 దాటకపోతే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10 మాత్రమే. అంటే సరిగ్గా 200 యూనిట్లు వాడితే కరెంటు చార్జీ 820 రూపాయలు, 201 వాడితే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు పెరుగుతుంది! ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వేరే, అవి సోలార్ పెట్టినా పూర్తిగా పోవు, కాబట్టి వాటిని లెక్కలో కలపడం లేదు. ఈ రేట్లతో మా ఏడాది కరెంటు చార్జీ 19,268 రూపాయలు.

ఇక్కడే ఒక మాట. తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద నెలనెలా జీరో బిల్లు వస్తుంటే, ఎండాకాలంలో కూడా 200 దాటకుండా గడుస్తుంటే, అప్పు చేసి సోలార్ పెట్టించొద్దు. మిగలడానికి అక్కడ డబ్బే లేదు. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది కాబట్టి, ఏడాదిలో నాలుగైదు నెలలు దాటేవాళ్లయితే ఆ నెలల వరకు లెక్క వేసుకుని చూడండి.

సరే, ఒక కిలోవాట్ ఎంత ఇస్తుంది? మన దగ్గర నీడ పడకుండా, దక్షిణం వైపు తిప్పి పెట్టిన ప్యానెళ్ల నుంచి కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాదికి 1,400 చుట్టుపక్కల అనుకోవచ్చు. "రోజుకు 5, 6 యూనిట్లు గ్యారంటీ" అనేవాళ్లు మార్చి నెలలో ఒక మంచి రోజు చూపించి చెప్తుంటారు. వానాకాలంలో మబ్బు పట్టిన వారం అదే ప్యానెల్ 2 యూనిట్లు ఇస్తే గొప్ప. చాలామంది అనుకునేదానికి భిన్నంగా మే నెల కూడా గొప్పగా ఉండదు, ఎందుకంటే ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి పడదు. కంపెనీ రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, ఆపైన పెరిగే ఒక్కో డిగ్రీకి మామూలు మోనో ప్యానెల్‌లో దాదాపు 0.35 శాతం పడిపోతుంది. మన దగ్గర బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ప్యానెల్ ఒళ్లు 65 దాకా పోతుంది, అంటే 14 శాతం అక్కడే పోయినట్టు. టాప్‌కాన్ అనే రకం ప్యానెల్‌లో ఈ నష్టం కొంచెం తక్కువ, 0.30 దగ్గర ఉంటుంది. రేటులో తేడా కొద్దిగానే ఉంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు నేనైతే అదే తీసుకోమంటా.

ఇప్పుడు నిజంగా నా కళ్లు తెరిపించిన లెక్క. 3,330 యూనిట్లను 1,400తో భాగిస్తే 2.4 కిలోవాట్లు వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపి "అయితే 3" అంటారు. నేను ఒక్కో కిలోవాట్‌ను విడదీసి, నెలనెలా వచ్చే యూనిట్లు తీసేసి, మిగిలిన యూనిట్లకు మళ్లీ పైన చెప్పిన స్లాబు (యూనిట్ల మెట్టు) రేటు వేసి చూశాను, ఒక రాత్రి పట్టింది. మొదటి కిలోవాట్ పెడితే 19,268 కాస్తా దాదాపు 8,900కు దిగింది, అంటే 10,300 మిగులు. రెండో కిలోవాట్ పెడితే 2,300కు దిగింది, అంటే ఇంకో 6,600. మూడో కిలోవాట్‌కు మిగిలింది ఆ 2,300 ఒక్కటే. కారణం తేలికే, మొదటి కిలోవాట్ 9 రూపాయల యూనిట్లను, 7.70 యూనిట్లను తినేస్తుంది, 200 గీత కిందికి దింపేస్తుంది, చివరి కిలోవాట్ వచ్చేసరికి చాలా నెలల్లో మీటర్‌లో మిగిలేవి రూపాయి తొంభై ఐదు పైసల యూనిట్లే. మనం వాడగా మిగిలి గ్రిడ్‌కు (కరెంటు లైన్‌కు) పోయినవి తర్వాతి నెలల బిల్లుల్లో సర్దుబాటు అవుతాయి, అది మంచిదే, కానీ అప్పటికీ మిగిలిపోయిన వాటికి డిస్కం కట్టే రేటు మనం కొనే పై స్లాబు రేటుతో పోలిస్తే బాగా తక్కువ. ఇక 5 కిలోవాట్లు పెట్టి ఉంటే ఏడాదికి 7,000 యూనిట్లు తయారుచేసి అందులో సగానికి పైగా చౌకగా ఇచ్చేసేవాళ్లం. ఆ కుర్రాడు మాకు అమ్మబోయింది అదీ.

మరి మేం ఎంత పెట్టించాం? 3 పెట్టించాం. తమ్ముడి పెళ్లి కుదిరింది, పై గదిలో ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టాలి. రాత్రికి 8 గంటలు, ఎండాకాలం మూడు నెలలు నడిస్తే అదొక్కటే 700, 800 యూనిట్లు లాగుతుంది, అవన్నీ 9 రూపాయల పైన పడే యూనిట్లు. మూడో కిలోవాట్ మిగులు సరిగ్గా దానికి సరిపోయింది. మీ ఇంట్లో రాబోయే రెండు మూడేళ్లలో ఏసీ గానీ, ఎలక్ట్రిక్ స్కూటర్ గానీ, కరెంటు పొయ్యి గానీ వచ్చేది ఉంటే దాన్ని ఇప్పుడే లెక్కలో కలపండి. లేకపోతే 2 కిలోవాట్ల దగ్గర ఆగడంలో చిన్నతనం ఏమీ లేదు, మా అక్కవాళ్లకు మహబూబ్‌నగర్‌లో అదే పెట్టించాను.

ఇక డబ్బు సంగతి. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దీని కింద కేంద్రం సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000, ఆపైన ఏమీ లేదు. అంటే 2 కిలోవాట్లకు 60,000, 3కు 78,000, 5 పెట్టినా 10 పెట్టినా అదే 78,000. సబ్సిడీ కావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి, అంటే లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైంది అయ్యుండాలి. ఇవి మామూలు ప్యానెళ్ల కన్నా ఖరీదు. అందుకే ఎవరైనా చాలా తక్కువ రేటు చెప్తే మొదట అడగాల్సింది, "ఇవి డీసీఆరేనా, కొటేషన్‌లో రాసిస్తారా?" అని.

నాకు వచ్చిన కొటేషన్లలో 2 కిలోవాట్లకు లక్షా 45 వేల దగ్గర, 3 కిలోవాట్లకు 2 లక్షల దగ్గర ఉన్నాయి. సబ్సిడీ తీసేస్తే 85,000, లక్షా 22 వేలు. మా పాత వాడకం ప్రకారం 2 కిలోవాట్లు ఏడాదికి 17,000 దాకా మిగిలిస్తే ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌కు విడిగా సబ్సిడీ పోను 37,000 పడుతుంది, ఏడాదికి 2,300 చొప్పున అయితే పదహారేళ్లు, కొత్త ఏసీ కలిస్తే నాలుగైదేళ్లు. అదే ప్యానెల్, అదే డాబా, వాడకాన్ని బట్టి ఇంత తేడా! మూడు కొటేషన్లు తక్కువ కాకుండా తీసుకోండి, పోల్చేటప్పుడు మొత్తాన్ని వాట్లతో భాగించి, ఒక్కో వాట్‌కు ఎంత పడుతుందో చూడండి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే 3,240 వాట్లు, ఒకాయన దాన్నే 3 అని, ఇంకొకాయన 3.3 అని చెప్తారు. జీఎస్టీ కలిపి చెప్తున్నారా లేదా కూడా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద 12 శాతం ఉన్నది 5 శాతానికి దిగింది. సామాను, బిగింపు కలిపి ఒకే కాంట్రాక్టుగా ఇస్తే 70 శాతం విలువకు 5, మిగతా 30 శాతానికి 18 పడి మొత్తం మీద 8.9 శాతం అవుతుంది. పాత 13.8 లెక్కతో ఎవరైనా కాగితం ఇస్తే అక్కడే ఆపండి. చేతిలో డబ్బు లేనివాళ్లకు 3 కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా 2 లక్షల వరకు బ్యాంకు లోన్ ఉంది, కాకపోతే నెల కిస్తీ మీకు బిల్లులో నెలకు మిగిలే డబ్బు కన్నా ఎంత ఎక్కువో చూసుకుని దిగండి.

కొటేషన్‌లో జనం ప్యానెల్ కంపెనీ పేరు చూసి మిగతాది వదిలేస్తారు. నా అనుభవంలో గొడవలన్నీ ఆ మిగతాదాంట్లోనే వస్తాయి. స్ట్రక్చర్ ఇనుము మందం ఎంత, గాల్వనైజింగ్ హాట్ డిప్‌దేనా (కరిగిన జింకులో ముంచి తీసిందేనా) అడగండి, పెయింట్ కొట్టిన ఇనుము రెండు వానాకాలాలకు తుప్పు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వచ్చే ఈదురుగాలికి రేకులు ఎట్లా లేస్తాయో చూసినవాళ్లమే కదా, ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడుగు, పావు తక్కువ నాలుగు అడుగుల వెడల్పు, గాలికి తెరచాప లాగా అడ్డం పడుతుంది. కాళ్లకు కింద కాంక్రీటు దిమ్మెలు కావాలి, వాటర్‌ప్రూఫింగ్ చేసిన డాబాకు ఇష్టం వచ్చినట్టు డ్రిల్ వేయనివ్వకండి. 3 కిలోవాట్లకు నడిచే దారితో కలిపి 250 నుంచి 300 చదరపు అడుగులు పోతాయి. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకునేది, బట్టలు ఆరేసుకునేది అక్కడే కాబట్టి ఇంట్లో ఆడవాళ్లను అడగకుండా జాగా ఖరారు చేయొద్దు. మా అమ్మ గట్టిగా పట్టుబట్టడంతో మేం ఎనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేయించాం, ఖర్చు కొంత పెరిగింది, ఇప్పుడు కింద చల్లగా కూర్చోవడానికి నీడ వచ్చింది, కోతులు కూడా నేరుగా ప్యానెల్ మీదికి దూకడం తగ్గింది. ఎర్తింగ్ మూడు గుంతలు వేరేవేరేగా ఉండాలి, ప్యానెళ్ల వైపుకు ఒకటి, ఇంటి కరెంటు వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడింటినీ ఒకే గుంతలో కలిపి "ఏం కాదు సార్" అంటే ఒప్పుకోవద్దు.

నీడ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మేం దెబ్బతిన్నది ఇక్కడే. ప్యానెళ్లు ఏప్రిల్‌లో బిగించారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి దగ్గరగా ఉంటాడు, నీళ్ల ట్యాంకు నీడ దాని కాళ్ల కిందే ఉండిపోతుంది, అందుకే ఎవరికీ ఏమీ కనపడలేదు. డిసెంబర్ వచ్చింది. ఫోన్‌లో యాప్ చూస్తే మధ్యాహ్నం రెండున్నర దాకా గుండ్రంగా వచ్చే గీత ఒక్కసారిగా మెట్టు దిగినట్టు పడిపోతోంది. పైకెక్కి చూశాను. నైరుతి మూలలో ఉన్న ట్యాంకు నీడ పొడుగ్గా సాగి చివరి ప్యానెల్ మీద మూలకు పడుతోంది, అరచెయ్యి వెడల్పు నుంచి మొదలై మూడున్నరకు ప్యానెల్ సగం కప్పేసింది. ఒక ప్యానెల్ మూల మీద నీడ పడితే దానితో పాటు ఆ వరస మొత్తం ఇచ్చే కరెంటు తగ్గొచ్చు, ప్యానెళ్లన్నీ ఒకే తీగ మీద దండలో పూసల్లా ఉంటాయి కాబట్టి. బిగించినవాళ్లకు ఫోన్ చేస్తే "చలికాలం అంతే సార్" అన్నారు. చివరికి మేమే డబ్బు పెట్టి ట్యాంకును ఉత్తరం వైపుకు మార్చుకున్నాం. మన ఊళ్లు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటాయి, డిసెంబర్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, మూడు గంటలకు ఇంకా కిందికి దిగుతాడు. అందుకని దక్షిణం, పడమర, తూర్పు వైపుల ట్యాంకు, మెట్ల గది, పక్కింటి గోడ, కొబ్బరిచెట్టు ఏమున్నా చలికాలం నీడ ఎంత సాగుతుందో చూసుకోండి. తేలిక లెక్క, అడ్డం ఉన్నది ప్యానెల్ కన్నా ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరం వదలండి. ప్యానెళ్లు దక్షిణం ముఖంగా 15 డిగ్రీల వాలు ఉంటే చాలు.

కరెంటు పోతే సోలార్ నడుస్తుందా? మామూలు ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కు కలిపేది) అయితే నడవదు. లైన్ మీద పనిచేసే మనిషికి మన ఇంటి కరెంటు తగలకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం మండే ఎండలో కూడా. కోతలకు భయపడి పెట్టించుకునేవాళ్లు ఈ మాట ముందే తెలుసుకోవాలి. బ్యాటరీ ఉండే హైబ్రిడ్ ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీకి సబ్సిడీ రాదు. ఇంట్లో ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్‌ను ఫ్యాన్లు, లైట్లకు అట్లాగే ఉంచుకుంటే చాలా ఇళ్లకు సరిపోతుంది.

కాగితాల్లో ఎక్కువమంది ఇరుక్కునేది ఒక్కచోట. మీటరు ఇంకా చనిపోయిన తాత పేరు మీదో నాన్న పేరు మీదో ఉంటుంది. సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు చేసేది సర్వీస్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల వివరాలతో, సబ్సిడీ పడేది వాళ్ల ఖాతాలో. కాబట్టి డీలర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందే డిస్కం సెక్షన్ ఆఫీసుకు పోయి పేరు మార్పు చేయించుకోండి, బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కిలోవాట్లు) ఎంతుందో కూడా అప్పుడే చూడండి, సోలార్ దానికన్నా ఎక్కువైతే లోడ్ పెంచాల్సి వస్తుంది. డీలర్ పథకంలో నమోదైనవాడో కాదో పోర్టల్‌లోనే తెలుస్తుంది. డబ్బు మొత్తం ముందే చేతిలో పెట్టకండి, సామాను దిగినప్పుడు కొంత, బిగించాక కొంత, నెట్ మీటర్ (మనం తీసుకున్నవి, పంపినవి రెండూ లెక్కపెట్టే మీటరు) పెట్టి సిస్టమ్ ఆన్ అయ్యేదాకా కనీసం పది పదిహేను శాతం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ చివరి డబ్బు మన దగ్గర ఉంటేనే నెట్ మీటర్ కోసం వాళ్లు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ఐదేళ్ల మెయింటెనెన్స్ రాసి ఇవ్వమనండి. ఇన్వర్టర్ పదీ పన్నెండేళ్లకు ఒకసారి మార్చాల్సి వస్తుందని దాని డబ్బు పక్కకు పెట్టుకుంటూ ఉండండి.

తర్వాత పని కడగడమే. రోడ్డు పక్కన ఇళ్లకు దుమ్ము, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల బూడిద, పది పదిహేను రోజులకు ఒకసారైనా తుడవకపోతే యూనిట్లు తగ్గుతూ పోతాయి. మన బోరు నీళ్లతో మాత్రం కడగొద్దు. నేను మొదటి రెండు నెలలు అట్లాగే కడిగాను, ఆరిన తర్వాత అద్దం కింది అంచున తెల్లటి చారలు గీసినట్టు మిగిలాయి, గోటితో గీకినా రాలేదు, ఫ్లోరైడ్‌తో పాటు మన నీళ్లలో ఉప్పుల బలం అంత. నల్లా నీళ్లు బకెట్‌లో పట్టుకుని, మెత్తటి బట్ట కట్టిన పొడుగు కర్రతో, ఎండ ఎక్కకముందే, ఆరున్నర ఏడు గంటలకు తుడిచేయండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది.

నెట్ మీటర్ పెట్టిన మొదటి రోజే దాని మీద తిరిగే అంకెలు ఫొటో తీసి పెట్టుకోండి. ఒకటి గ్రిడ్ నుంచి మనం తీసుకున్నది, ఒకటి మనం పంపింది. మొదటి బిల్లు వచ్చినప్పుడు రెండింటి తేడాలు ఆ ఫొటోతో సరిచూడండి. మాకు మొదటి నెల పంపిన యూనిట్లు బిల్లులో తీసివేయకుండా వచ్చింది, ఫొటోలు తీసుకుని పోయి చూపిస్తే తర్వాతి బిల్లులో సరిచేశారు.